గిరాకి రాని మూడు పుస్తకాలు

బోథ్‌లో నేనుండే గదిలో, కిటికీ పక్క అరలో మూడు చదరంగం పుస్తకాలున్నాయి. ఒకటి ఆట ఎలా మొదలుపెట్టాలో చెప్పేది. రెండోది ఎదుటివాడు మీద పడ్డప్పుడు ఎలా కాచుకోవాలో చెప్పేది. మూడోది పేరుమోసిన విజేతలు ఆడిన ఆటల పుస్తకం, మొదటి ఎత్తు నుంచి చివరి ఎత్తు దాకా. మూడూ ఇంగ్లీషువే. మూడింటికీ ఒకే మెరూన్ రంగు బట్ట అట్ట, ఒకే లోపం. జిల్దు కట్టేటప్పుడు కుడి అంచు అర అంగుళం ఎక్కువ కోసుకుపోయింది. కొన్ని పేజీల్లో చదరంగం బల్ల బొమ్మకు చివరి నిలువు వరుసే లేదు. ఆ వరుసలో ఏ పావు ఉందో మనమే ఊహించుకోవాలి.

ఆ పుస్తకాలు నావి కావు. నాకిచ్చిన మనిషివి కూడా కావు. అయినా ఇప్పుడు నా దగ్గరే ఉన్నాయి, నా గదిలో నాతో పాటు ఉండేవి అవే.

నేను ఇక్కడి సర్కారు దవాఖానలో ఫార్మసిస్టును. కరీంనగర్ నుంచి బదిలీ మీద వచ్చి ఆరేళ్ళు దాటింది. నలభై అయిదేళ్ళ మనిషిని. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకు ఒక్కొక్కరికి ఒక్కో జవాబు చెప్పీ చెప్పీ అసలు జవాబు నేనే మరిచిపోయాను. నోటి దురుసు మాత్రం నిజం. నోరు మంచిదైతే ఊరు మంచిదైతదని మా అవ్వ బతికున్నన్నాళ్ళూ చెప్పింది. ఊరు మారింది కానీ నోరు మారలేదు.

మధ్యాహ్నం దాటాక దవాఖాన ఖాళీ అవుతుంది. గదికొచ్చి అన్నం తిని, నేల మీద బల్ల పరుస్తాను. అటొక పీట, ఇటొక పీట. తెల్లవైపు కూర్చుని ఒక ఎత్తు వేసి, లేచి, నల్లవైపు పీట మీద కూర్చుంటాను. ఒక్కరే ఆడేవాళ్ళకు ఒక చిక్కుంది, ఎదుటివాడి ఎత్తుగడ ముందే తెలిసిపోతుంది. అందుకని పుస్తకంలోని ఆటలే ఆడతాను. అప్పుడు కనీసం ఇద్దరున్నట్టు ఉంటుంది. మా ఇంటి యజమానురాలు ఒకరోజు తలుపులోంచి చూసి, రెండు పీటలేసినవ్, ఎవరొస్తుండ్రు బాయి అని అడిగింది. ఎవరూ రారని చెప్పాను. ఆమె నన్నూ, ఖాళీ పీటనూ చూసి, సాయంత్రం గిన్నెలో జొన్న అంబలి తెచ్చిచ్చింది. జాలితో ఇచ్చిన అంబలి గొంతు దిగడం కష్టం. ఆకలేసింది కాబట్టి దిగింది.

ఆదివారాలు ఫోన్లో మా కరీంనగర్ చర్చి ఆరాధన చూస్తాను. పాట వచ్చినప్పుడు నేనూ గొంతు కలుపుతాను. మొదట్లో ఒక్క ఆడమనిషి గొంతు గట్టిగా వినబడేసరికి ఏం జరిగిందోనని పక్కింటివాళ్ళు తొంగిచూశారు. ఇప్పుడు అలవాటు పడిపోయారు.

చదరంగం నాకు నేర్పింది మా గల్లీలో జిల్దు కట్టే చాచా. కరీంనగర్‌లో మా ఇంటికి రెండిళ్ళ అవతల, రోడ్డు మీదికి తెరుచుకునే ఒకే ఒక్క గది ఆయన దుకాణం. బడి పుస్తకాలు, ఆఫీసుల రిజిస్టర్లు, ఖురాన్లు, మా చర్చివాళ్ళ బైబిళ్ళు, అన్నీ ఆయన దగ్గరికే వచ్చేవి. దారంతో కుట్టి, మైలుతుత్తం కలిపిన మైదా జిగురు రాసి, చెక్కల మధ్య బిగించి, ఎండాక అంచులు కోసి ఇచ్చేవాడు. నాకు పన్నెండేళ్ళప్పుడు మా బాపు తన కీర్తనల పుస్తకం ఊడిపోతే ఇచ్చి రమ్మని పంపాడు. నేను వెళ్ళేసరికి చాచా చదరంగం బల్ల ముందు ఒక్కడే కూర్చుని, తొడ మీద లావుపాటి ఇంగ్లీషు పుస్తకం తెరిచి పెట్టుకుని, అందులోని బొమ్మనూ బల్లనూ మార్చి మార్చి చూస్తున్నాడు. ఇంగ్లీషు చదవొస్తదా అని అడిగాడు. ఇంగ్లీషు మీడియం అన్నాను, కొంచెం గొప్పగానే. అయితే కూసో అన్నాడు. కీర్తనల పుస్తకం సంగతి ఇద్దరమూ మరిచిపోయాం. ఆ ఆదివారం బాపు పక్కాయన పుస్తకంలోకి తల పెట్టి పాడాడు.

ఆ మూడు పుస్తకాలూ ఎవరో కాలేజీ లెక్చరర్ జిల్దు కోసం ఇచ్చినవట. కోసేటప్పుడు కత్తి జారి అంచు లోపలికి తెగింది. ఆయనొస్తే ఏం జవాబు చెప్పాలో తెలియక చాచా పరేషాన్ అయిపోయి, ఆ మనిషి రాకుంటే మంచిగుండునని దువా చేశాడు. నిజంగానే రాలేదు. ఎక్కడికో బదిలీ అయి వెళ్ళిపోయాడని తర్వాత తెలిసింది. "జిందగీల అల్లా నాది ఒక్క దువా విన్నడు, గదీ తప్పుడు దువా," అని చాచా నవ్వేవాడు. ఎన్నేళ్ళు గడిచినా వాటిని తనవి అనలేదు. గిరాకి రాలే అనే అనేవాడు, ఆ లెక్చరర్ రేపో మాపో వస్తాడన్నట్టు.

నేను చదవడం, ఆయన పావులు జరపడం. అదీ మా పద్ధతి. బల్ల అంచుల మీద కాగితం ముక్కలు అతికించి, ఒక పక్క ఇంగ్లీషు అక్షరాలు, ఇంకో పక్క అంకెలు నాతో రాయించాడు. పుస్తకంలో ఒక్కో పావుకు ఒక్కో ఇంగ్లీషు అక్షరం ఉంటుంది. బొమ్మలు చూసి ఏ అక్షరం ఏ పావుదో ఆయనే తేల్చాడు. బాద్షా, వజీర్, రుఖ్, ఫీల్, ఘోడా, ప్యాదా. నాకు ఆట ఆ పేర్లతోనే వచ్చింది. బడిలో మావాళ్ళు రాజు, మంత్రి, ఏనుగు, ఒంటె, గుర్రం, బంటు అనేవాళ్ళు. మూలన నిలబడి తిన్నగా పోయేది వాళ్ళకు ఏనుగు, చాచాకు రుఖ్. ఐమూలగా పోయేది వాళ్ళకు ఒంటె, చాచాకు ఫీల్. నేను బడిలో బడి పేర్లు, చాచా దగ్గర చాచా పేర్లు వాడేదాన్ని. మా ఊళ్ళో అందరూ అలాగే బతుకుతారు, ఇంట్లో ఒక మాట, బజారులో ఒక మాట. అందులో ఆలోచించాల్సింది ఏముందనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తున్నాను.

కాచుకునే పుస్తకం నాకిష్టం. నలువైపులా శత్రువులున్నా ఒక బంటును ఒక్క గడి జరిపి ఊపిరి పీల్చుకోవచ్చని అందులో ఉంటుంది. చాచాకు మాత్రం విజేతల పుస్తకమే కావాలి. అందులో ఫొటోలున్నాయి. వాళ్ళ పేర్లు ఆయన నోరు తిరగవు. మీసాలాయన మీసాల సాబ్, కళ్ళద్దాలాయన చష్మా సాబ్. మీసాల సాబ్ ముసలితనంలో ఒక హోటల్ గదిలో ఒక్కడే ఉండేవాడని ఒక పేజీలో ఉంటే చదివి చెప్పాను. చాచా సూది ఆపి, గంత గొప్పోనికి చాయ్ ఇచ్చేటోళ్ళు లేకుండెనా అని బాధపడ్డాడు. ఆ తర్వాత ఆ సాబ్ ఓడిన ఆటలు చదవనిచ్చేవాడు కాదు.

చాచా గురించి రెండు మాటలు చెప్పాలి. మొదటిది ఆయన జ్ఞాపకం. చేతులు పుస్తకం కుడుతుంటే, వీపు బల్ల వైపు పెట్టి, నోటితోనే ఆడేవాడు. నేను రెండు వైపులా పావులు జరిపేదాన్ని. ఏది ఎక్కడుందని ఒక్కసారి కూడా అడగలేదు. నేనే పొరపాటున పక్క గడిలో పెడితే, వెనక్కి తిరగకుండానే ఆగి, తప్పు పెట్టినవు బేటీ అనేవాడు. ఎలా తెలిసిందంటే చప్పుడు వేరుగ వచ్చిందని చెప్పేవాడు. అది అబద్ధమని నాకు తెలుసు. నా తర్వాతి జవాబు ఆయన తలలోని బల్లకు పొసగకపోవడమే అసలు సంగతి.

రెండోది రాత మీద ఆయన భక్తి. ఏ భాషదైనా సరే, రాసి ఉన్న కాగితాన్ని తొక్కేవాడు కాదు. చెత్తలోంచి రాత కాగితాలు ఏరి, అట్టల లోపల పెట్టి అతికించేవాడు. మనిషి నోరు ఇయ్యాల ఒకటంటది రేపొకటంటది, రాసిందే నిజం అనేవాడు. ఆయన అన్నయ్య చివరి రోజుల్లో కన్న కొడుకుల్నే ఎవరని అడిగాడు. దాన్ని తలుచుకుని చాచా ఒకసారి నాతో, చావుకు ఫికర్ లేదు బేటీ, గట్ల మతి పోతె మాత్రం భయమైతది అన్నాడు. అది నాకు తెలుసు. తెలిసి కూడా ఆ మాట అన్నాను.

బోథ్‌కు బదిలీ అయినప్పుడు చాచా మూడు పుస్తకాలూ పాత లుంగీలో చుట్టి నా చేతిలో పెట్టాడు. ఇక్కడ చదివి చెప్పేటోళ్ళు ఎవరున్నరు, గిరాకి వస్తే నీ అడ్రస్ చెప్త అన్నాడు. నేను దవాఖాన నుంచి వచ్చాక, నాలుగు గంటలకు ఫోన్లో ఆడాలని ఒప్పందం. రోజుకు ఒకటో రెండో ఎత్తులు. ఆయన దుకాణంలో ఒక బల్ల, నా గదిలో ఒక బల్ల. ఆయన చెప్పింది నేను ఒక నోటుబుక్కులో రాసుకునేదాన్ని. రాతకు నాకు బడి అలవాటే కాబట్టి, ఆయన రుఖ్ అంటే ఏనుగు అని, ఫీల్ అంటే ఒంటె అని రాసేదాన్ని. ఆయన రాసుకునేవాడు కాదు. అవసరమేముంది.

నాలుగేళ్ళు అలా గడిచాయి. నా జీవితంలో ఎవరైనా నా ఫోన్ కోసం గడియారం చూశారంటే ఆ నాలుగేళ్ళే. అయిదు నిమిషాలు ఆలస్యమైతే తనే చేసి, బస్సు దొరకలేదా అనేవాడు. దవాఖాన మా గది నుంచి నాలుగడుగుల దూరమని ఎన్నిసార్లు చెప్పినా అదే మాట.

ఆ రోజు వాన. ఫోన్ గరగరలాడుతోంది. సిగ్నల్ కోసం నేను మెట్ల మీదికెళ్ళి నిలబడ్డాను. చాచా ఏదో పావుతో నా బంటును కొట్టానన్నాడు, గడి పేరు వినబడింది కానీ పావు పేరు వినబడలేదు. ఏందని అడిగాను. మళ్ళీ చెప్పాడు, మళ్ళీ గరగర. మూడోసారి అడిగేసరికి గొంతు పెంచి, "ఏనుగు, బేటీ, ఏనుగు తోని," అన్నాడు. నాకు అర్థం కావాలని తెలుగులో చెప్పాడు పాపం అనుకున్నాను. గదిలోకొచ్చి ఏనుగు అని రాసి, ఆయన ఏనుగుతో నా బంటును కొట్టించాను. ఆయన ఏనుగుల్లో ఒకటి అంతకుముందే పోయింది, ఉన్నది అదొక్కటే. ఆ గడిలోకి ఆయన ఒంటె కూడా రాగలదని చూశాను. ఏనుగుతో కొట్టడం చాచా ఆటలా లేదే అని కూడా ఒక్క క్షణం అనిపించింది. అంతటితో వదిలేశాను.

నాలుగు రోజుల తర్వాత ఫోన్లో, "రుఖ్ తోని కిష్త్," అన్నాడు. అంటే నా రాజుకు గురి పెట్టాడు. ఆ గొంతులో సంతోషం దాచినా దాగలేదు.

నా బల్ల మీద అలాంటిదేమీ లేదు. ఆయన మిగిలిన ఒక్క రుఖ్ నడిమధ్యలో, నా బంటును కొట్టిన గడిలో నిలబడి ఉంది. అక్కడి నుంచి నా రాజుకు దారే లేదు. ఆ మాటే చెప్పాను.

"రుఖ్ దాని ఇంట్ల నుంచి కదలనే లేదు గదా బేటీ. ఇప్పుడే తీసిన."

"మొన్న వానల ఏనుగుతోని కొట్టిన అన్నవు. నా కాడ రాసి ఉన్నది."

"ఏనుగుతోనే కొట్టిన," అన్నాడు. "అవును."

అవునంటూనే కాదంటున్నాడని నాకు చిర్రెత్తుకొచ్చింది. ఆ రోజు దవాఖానలో పొద్దుటి నుంచి అందరూ నా మీద అరిచినవాళ్ళే. కానీ అది సాకు మాత్రమే. ఆయన ఓడిపోతున్నాడనీ, ఒప్పుకోలేక పావుల్ని తనకిష్టమొచ్చిన చోట పెట్టుకుంటున్నాడనీ అనుకున్నాను. నా నోటి నుంచి వచ్చింది ఇది:

"నీకు యాదికుంటలేదు చాచా. వయసైపోయింది. ఏది ఏడున్నదో నీకే తెలుస్తలేదు."

ఫోన్ కట్టయిందేమోనని చూసుకున్నాను. కాలేదు. "రాసి ఉన్నదా?" అని అడిగాడు.

"ఉన్నది."

"అయితే నాదే తప్పు," అని పెట్టేశాడు.

మర్నాడు నాలుగింటికి చాచీ ఫోనెత్తి, బయటికి పోయిండు అంది. ఆ తర్వాతి రోజు కూడా అదే. మూడో రోజు నేను చేయలేదు. క్రిస్మస్‌కు ఊరు వెళ్ళినప్పుడు వాళ్ళింటికి కేకు తీసుకెళ్ళాను. చాచా డ్యూటీ ఎట్లున్నదన్నాడు, ఆ దిక్కు చలి ఎక్కువటగా అన్నాడు, మా తమ్ముడి పిల్లల చదువుల గురించి అడిగాడు. చదరంగం మాట మాత్రం ఎత్తలేదు. బల్ల ఎక్కడా కనబడలేదు. నేనూ అడగలేదు. తప్పు ఆయనది, మెట్టు నేనెందుకు దిగాలి అనుకున్నాను. దుకాణం తలుపు మూసి ఉంటే పండుగ కదా అనుకున్నాను. పండుగ మాది, ఆయనది కాదు. ఆ పాటి కూడా తట్టలేదు.

మరుసటి క్రిస్మస్‌కు ఊరు వెళ్ళనే లేదు. అలా రెండేళ్ళు. రెండు పీటల ఆట మొదలైంది అప్పుడే. నాలుగు గంటలయ్యేసరికి ఎందుకో చేయి ఫోన్ మీదికి పోయేది. దాన్ని బోర్లా తిప్పి పెట్టి, పుస్తకం తెరిచేదాన్ని. మనుషులు లేకపోతే ఏమైతదని గొప్పగా తిరిగినదాన్ని, ఒక్క ముసలాయన గొంతు లేక అంత వెలితి పడతానని తెలియదు. పోయిన ఏడు జ్వరమొచ్చి మూడు రోజులు పడుకుంటే, నా మందులు నేనే రాసుకుని నేనే మింగాను. మీసాల సాబ్ పేజీ తీసి మళ్ళీ చదివాను.

ఈ వానాకాలం చివర్లో ఒక ముసలామె దవాఖానకు వచ్చింది. నల్ల బురఖా, ఒక కాలు మోకాలి నుంచి పాదం దాకా ఉబ్బిపోయి ఉంది. డాక్టరు రాసిన చీటీ, పూత మందు కోసం నా కిటికీ దగ్గర నిలబడింది. ఎన్నాళ్ళ నుంచి ఉందీ వాపు అని అడిగాను. ఇది వాపు కాదు బేటా, ఫీల్‌పా అంది. ఆ మాట నేనెప్పుడూ వినలేదు. ఏందది అన్నాను.

"ఫీల్ అంటె ఏనుగు. పా అంటె కాలు. జర చూడు, ఏనుగు కాలు లెక్కనే ఉన్నది."

బజారు ఉర్దూలో ఏనుగంటే హాథీ. ముప్పై ఏళ్ళు అదే విన్నాను. ఫీల్ అనేది చదరంగంలో ఒక పావు పేరు, అంతే అనుకున్నాను, దానికి ఒక అర్థముంటుందని అనుకోలేదు. ఆమె చేతికి మందు ఇచ్చాను. ఎన్ని పూటలు పూయాలో చీటీ మీద రాయాలి. పెన్ను కదల్లేదు. ఆమె నన్నే చూసి, నీకేమైంది బేటా అని అడిగింది. ఏం కాలేదన్నాను.

గదికొచ్చి నోటుబుక్కు తీసి, ఆ ఆటను మొదటి నుంచి బల్ల మీద పరిచాను. వాన రోజు ఎత్తు దగ్గర, ఏనుగు అని రాసి ఉన్న చోట, ఒంటెను జరిపాను. చాచా ఫీల్. తర్వాతి నాలుగు రోజుల ఎత్తులూ చక్కగా పొసిగాయి. ఇంటి నుంచి కదలని రుఖ్ ఒక్క ఊపున వచ్చి నా రాజు ముందు నిలబడింది. కిష్త్. ఇంకో రెండు ఎత్తుల్లో నా ఆట కట్టు. ఆయన ఒక్క పావును కూడా మరిచిపోలేదు. డెబ్బై ఆరేళ్ళ వయసులో, ఒక్క ముక్క రాసుకోకుండా, నన్ను గెలిచాడు. గెలిచిన మనిషికి మతి పోయిందని చెప్పింది నేను. ఆ బల్ల ముందు కూర్చుని ఏడ్చాను. అటు పీట మీద ఎవరూ లేరు కాబట్టి గట్టిగానే ఏడ్చాను.

ఫోన్లో చెప్పాలనిపించలేదు. పాడు చేసింది ఆ ఫోనే. సెలవు పెట్టి, మర్నాడు పొద్దున పుస్తకాలూ నోటుబుక్కూ సంచిలో వేసుకుని బస్సెక్కాను. నిర్మల్‌లో బస్సు మారాను. దారి పొడుగునా ఎలా మొదలుపెట్టాలో అనుకుంటూనే ఉన్నాను. ఆటను మొదలుపెట్టే విధానాలు పుస్తకం నిండా ఉన్నాయి, ఒక్కటీ పనికి రాలేదు.

మధ్యాహ్నానికి మా గల్లీ చేరాను. దుకాణం తలుపుకు తాళం, తాళానికి తుప్పు. పక్క గుమ్మంలోంచి ఇంట్లోకి వెళితే చాచీ బియ్యం ఏరుతోంది. చాచా మసీదుకు వెళ్ళాడట, వస్తాడట. దుకాణం ఎందుకు మూసిందని అడిగాను.

"రెండేండ్లాయె బిడ్డా. పేజీలు ఎనుకముందు కుడ్తనేమో, ఖురాన్ పేజీలు గట్లయితె గునాహ్, పాపం తగుల్తది అని బందు జేసిండు. మసీదుకు పోతె, నమాజుల ఎన్ని రకాత్‌లు అయినయి, ఇంక ఎన్ని ఉన్నయని పక్కోళ్ళను అడుగుతడట. డాక్టర్‌కు చూపించినం. మతి మంచిగనే ఉన్నది, ఏం ఫికర్ లేదన్నడు. గీయన నమ్మడు. తప్పు రాసి ఉన్నదట అంటడు. ఏడ రాసి ఉన్నదో మాకు తెల్వదు."

ఆ రాత నా సంచిలో ఉంది. చాచీకి అప్పుడే చెప్పేశాను, అంతా. ఆమెకు చదరంగం రాదు. ఏనుగూ రుఖ్‌ల సంగతి ఎంత అర్థమైందో తెలియదు కానీ, అన్నది నేనని మాత్రం అర్థమైంది. బియ్యం చాట పక్కన పెట్టింది. తర్వాత లేచి, అటక మీద నుంచి చదరంగం బల్ల దింపి, కొంగుతో దుమ్ము తుడిచి నా ముందు పెట్టింది. నాకు కాదు, ఆయనకు చెప్పు అంది.

చాచా వచ్చాడు. సన్నబడ్డాడు. గడప దగ్గర ఆగి, చెప్పులు విడిచి, విడిచిన చెప్పుల్ని ఒకసారి వంగి చూసుకున్నాడు, తనవేనా కాదా అన్నట్టు. నన్ను చూసి నవ్వి, బస్సు దొరికిందా అన్నాడు.

నేను మాటలు వెతుక్కోలేదు. నోటుబుక్కు తెరిచి, ఆట పరిచి చూపించాను. "ఫీల్ అంటె ఏనుగని నాకు తెల్వదు చాచా. మా బడిల రుఖ్‌నే ఏనుగంటరు. నువ్వు ఏనుగన్నవు, నేను రుఖ్ జరిపిన. నీ తప్పు లేదు. రాసిందే తప్పు."

ఆయన బల్ల వైపు చూశాడు. రుఖ్ వచ్చిన దారిని వేలితో కొలిచాడు.

"అంటె ఆ దినం కిష్త్ ఉన్నది."

"ఉన్నది. ఇంక రెండు ఎత్తులల్ల నేను ఓడిపోతుంటి. నన్ను మాఫ్ చెయ్యి చాచా."

తల ఊపాడు. మెల్లగా నవ్వొచ్చింది ఆయనకు. ఇద్దరం ఒక్కటే ఏనుగును పట్టుకొని చెరొక దిక్కు గుంజినం అన్నాడు. చాచీ కూడా నవ్వింది. రెండేళ్ళ బరువు దిగిపోయిందనుకున్నాను. చాయ్ వచ్చింది. నేను ఇద్దరికన్నా ఎక్కువ మాట్లాడాను, బోథ్ గురించి, రెండు పీటల గురించి, అంబలి గురించి. తిరుగు బస్సు ఎక్కేటప్పటికి అంతా ముందులాగే అయిపోతుందని, రేపు నాలుగింటికి ఫోన్ మోగుతుందని నాకు గట్టి నమ్మకం కలిగింది.

"పుస్తకం తెచ్చినవా?" అని అడిగాడు. "చదువు. మీసాల సాబ్‌ది."

విజేతల పుస్తకం తీశాను. మీసాల సాబ్ ఆటల్లో చాచాకు అన్నిటికన్నా ఇష్టమైంది, ముప్పై ఏళ్ళ కింద వీపు తిప్పుకుని కుడుతూ నోటితో ఆడి చూపించిన ఆట. పావులు సర్దాం. నేను చదివాను, ప్యాదా రెండు గళ్ళు. ఆయన చేయి జరిపింది. ఘోడా అన్నాను. జరిపింది. ఫీల్ అన్నాను.

ఆయన చేయి తడుముకోలేదు. నేరుగా ఫీల్ మీదికే పోయింది, దాన్నే తీసింది. కానీ గడిలో పెట్టలేదు. గాలిలోనే పట్టుకుని నా ముఖంలోకి చూశాడు.

"ఇదేనా, బేటీ?"

"అదే చాచా."

పెట్టాడు. తర్వాతిది రుఖ్. చేయి నేరుగా రుఖ్ మీదికే పోయింది. తీసి, పైకెత్తి, మళ్ళీ నా వైపు చూశాడు.

"ఇదేనా?"

అదే అన్నాను. పుస్తకం మీది అక్షరాలు అలుక్కుపోతుంటే వేలు పెట్టి చదివాను. అంచు తెగిపోయిన పేజీ వచ్చినప్పుడు నేను ఆగిపోతే, లేని అక్షరం కూడా ఆయన చేతికి తెలుసు, ఆ పావునే తీసింది. ఆట చివరిదాకా ఒక్క పావు కూడా తప్పు తీయలేదు. ప్రతి ఎత్తుకూ అడిగాడు.